ముందు వైపు లేని గది

జూలై 3

మాట్లాడొద్దంది డాక్టరమ్మ. "మరీ చెప్పాలనిపిస్తే కాయితం మీద రాసుకోండి" అని ఓ ఉచిత సలహా కూడా పారేసింది. ఇదిగో, రాసుకుంటున్నాను.

గొంతులోకి సన్నటి గొట్టం దించి, నా స్వరతంత్రుల్ని తెర మీద నాకే చూపించింది. ఒకదాని మీద ఆవగింజంత బుడిపె. ఇన్నేళ్ళూ గొంతును చూసుకుని నేను పోయిన పోకడలన్నీ అక్కడ ముద్దకట్టి కూర్చున్నట్టున్నాయి.

"ఏం చేస్తుంటారు?"

"యూనివర్సిటీలో పాఠాలు చెప్తాను. సర్వేయింగు. నేల ఎత్తుపల్లాలు కొలిచే విద్య."

"మైకు వాడతారా?"

రోషమొచ్చింది. నా వెనక పిల్లలు నన్ను పిలుచుకునే పేరే మైకు. నాకు తెలియదనుకుంటారు. తెలుసు. పైగా ఇష్టం. నేను నోరు విప్పితే కింది అంతస్తులో కెమిస్ట్రీ వాళ్ళు కిటికీలు మూసుకుంటారు.

"ఈ సెమిస్టరంతా లెక్చర్లు మానేయండి. మానకపోతే ఆపరేషనే. ఆ తర్వాత గొంతు ఎలా ఉంటుందో నేను మాటివ్వలేను" అంది.

లెక్చర్లు చెప్పలేని వాళ్ళను మా హెడ్డు గారు ఎక్కడికి పంపుతారో నాకు తెలుసు. పరీక్షల విభాగానికి. పోయినేడు మోకాళ్ళు అరిగి నిలబడలేకపోయిన మాస్టారిని "కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉంటుంది" అంటూ అక్కడ కూర్చోబెట్టారు. ఆయన ఈ రోజుకీ జవాబుపత్రాలకు దారాలు కడుతున్నాడు. మళ్ళీ క్లాసు మొహం చూడలేదు.

కాబట్టి ఎవరికీ చెప్పను. ఇంట్లో కూడా. అత్తగారికి చెబితే మా ఆయనకు తెలుస్తుంది, మా ఆయనకు తెలిస్తే ఆయన కళ్ళజోళ్ళ షాపుకొచ్చే ఊరందరికీ తెలుస్తుంది.

జూలై 5

స్టాఫ్ మీటింగు. యూనివర్సిటీకి ఒక ఫ్లెక్సిబుల్ ఇంటరాక్టివ్ క్లాస్‌రూమ్ కావాలట. పాత డ్రాయింగు హాలు ఇస్తారట. కుర్చీలు ఎటు కావాలంటే అటు తిరగాలి, పిల్లలు గుంపులుగా కూర్చుని తమలో తాము తేల్చుకోవాలి, మాస్టారు తక్కువ మాట్లాడాలి. హెడ్డు గారు ఆ సర్క్యులరును చేదు మందు తాగుతున్నట్టు చదివి, "ఎవరైనా తీసుకుంటారా?" అన్నారు. ఆయన చూపుల్లోనే "ఎవరూ తీసుకోవద్దు" అని ఉంది.

మాస్టారు తక్కువ మాట్లాడాలి. ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి దానంతటదే లేచింది.

"మీరా?" అన్నారు హెడ్డు గారు.

ఆ "మీరా"కి నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, లెక్చరు చెప్పకుండా పాఠం నేర్పడం ఎంత గొప్పదో వివరించాను. లెక్చరు చెప్పడం ఎంత దండగో గంటసేపు లెక్చరిచ్చాను. కింద కిటికీలు మూసుకున్న చప్పుడు నాకు వినపడింది.

ఇది గొంతు కోసం కాదు. నాకు మొదట్నుంచీ విద్యా సంస్కరణలంటే ఆసక్తి. మొదట్నుంచీ అంటే మొన్నట్నుంచీ.

జూలై 6

గొంతు నొప్పి. ఎందుకో తెలియదు.

జూలై 11

నేను మాట్లాడకపోవడాన్ని మా ఆయన కోపం అనుకుంటున్నాడు. ఏం తప్పు చేశాడో ఆయనకు గుర్తు రావడం లేదు. అయినా ముందుజాగ్రత్తగా గిన్నెలు కడిగాడు, బాత్రూములో కారుతున్న పంపు బాగుచేయించాడు, అల్మారాలో బట్టలు మడతపెట్టాడు. ఇంత తేలికని ముందే తెలిస్తే పెళ్ళైన నెలకే నోరు మూసుకునేదాన్ని.

అత్తగారి సంగతే బాగాలేదు. ఆవిడకు మొదట్నుంచీ చెవుడు. ఇంట్లో ఆవిడకు వినబడే గొంతు నాదొక్కటే. కొడుకు చెప్పినది కూడా నేను తర్జుమా చేసినట్టు మళ్ళీ గట్టిగా చెప్పాలి. ఇప్పుడు నేనూ గొణుగుతున్నాను. ఇవాళ ఆవిడ చాలాసేపు నా పెదాలకేసే చూసి, "అమ్మాయ్, నాకున్న ఆ కాస్త వినికిడీ పోయినట్టుందే" అంది.

"లేదత్తయ్యా" అన్నాను. అది కూడా వినబడలేదు.

జూలై 19

గది తయారవుతోంది. నా అంతటి డిజైనరు ఈ భూప్రపంచంలో లేదు.

మొదటి సూత్రం: గదికి ముందు వైపు ఉండకూడదు. ముందు వైపంటూ ఉంటే అక్కడ మాస్టారు నిలబడతాడు, నిలబడితే వాగుతాడు. అందుకని వేదిక పీకించేశాను. నాలుగు గోడలకూ రాత బోర్డులే. నేలకు బోల్టులు కొట్టి బిగించిన పాత డ్రాయింగు బల్లలన్నీ విప్పించాను. చక్రాల కుర్చీలు చెప్పాను, ఒక్కోదానికి పక్కకు తిరిగే రాత పలకతో. ముక్కోణం బల్లలు చెప్పాను, ఆరు కలిపితే గుండ్రంగా అవుతాయి. తలుపు వెడల్పు, కిటికీల ఎత్తు, బోర్డు మీద వెలుగు, ఇద్దరి మధ్య మోచేతులు తగలకుండా ఎంత జాగా కావాలో, అన్నీ స్వయంగా కొలిచాను. కొలవకుండా వదిలింది ఏదీ లేదు.

స్లైడ్ల మాస్టారు వచ్చి చూసి వెళ్ళాడు. మా డిపార్టుమెంటులో అందరికంటే చిన్నవాడు, స్లైడ్లు లేకుండా తన పేరు కూడా చెప్పలేడు. "ప్రొజెక్టరు ఎక్కడ మేడమ్?" అన్నాడు. జాలిపడ్డాను.

ఆగస్టు 2

కొలవకుండా వదిలింది ఒకటుంది.

మొదటి క్లాసు. పిల్లలు గుంపులుగా కూర్చున్నారు. నేను మధ్యలో నిలబడి, గంభీరంగా, వీలైనంత చిన్న గొంతుతో, "ఇక్కడ టీచరుండదు. మీరే ఉంటారు" అన్నాను. బాగా వచ్చిందా వాక్యం. ఇంట్లో అద్దం ముందు అనుకుని వెళ్ళినదే.

ఆ వాక్యం పూర్తయ్యేసరికి తూర్పు గోడ దగ్గరున్న గుంపు నాకు కొంచెం దగ్గరైంది. ఆసక్తి అనుకున్నాను. కాసేపటికి నన్ను దాటి వెళ్ళింది. వెనకాలే ఇంకో గుంపు వచ్చింది. "కాళ్ళు ఆనించి కూర్చోండి" అన్నాను. ఆనించిన వాళ్ళు ఆగారు, రాసుకోవడంలో పడి మరిచిపోయిన వాళ్ళు బయల్దేరారు. పాఠం సగమయ్యేసరికి క్లాసంతా పడమటి మూలలో ఒకరి మీదొకరు పడి ఉంది. అవతల ఖాళీ గదిలో నేనొక్కదాన్నే.

ఎప్పుడూ గొడుగు చంకలో పెట్టుకు తిరిగే అమ్మాయి ఒకతి ఉంది. ఆ మూలలోంచే చెయ్యెత్తింది.

"మేడమ్, నేల వాలుగా ఉన్నట్టుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. నవ్వరూ మరి? పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ "కంటిని నమ్మొద్దు, లెవెల్ పెట్టి చూడు" అని క్లాసు క్లాసుకీ అరిచి అరిచి గొంతులో బుడిపె తెచ్చుకున్నదాన్ని, నా గది నేలకు లెవెల్ పెట్టలేదు.

తల కొట్టేసినంత పనైంది.

ఆగస్టు 3

లెవెల్ పెట్టాను. ఈ గోడ నుంచి ఆ గోడకు జానెడు తేడా. ఒకప్పుడది సిమెంటు పరీక్షల ల్యాబట. కడిగిన నీళ్ళు మూలనున్న తూములోకి పోవాలని వాలు పెట్టారు. తూము మూసేసినా వాలు అలాగే ఉండిపోయింది. పాత బల్లల కాళ్ళ కింద చెక్కముక్కలు ఎందుకున్నాయా అని అప్పుడు అనుకోలేదు. బోల్టులు ఎందుకు కొట్టారా అనీ అనుకోలేదు. పాతకాలం మొరటుతనం అనుకున్నాను.

నేల మళ్ళీ వేయమని అడిగితే హెడ్డు గారు నవ్వారు. ఆయన నవ్వడం చూసి చాలా కాలమైంది.

ఆగస్టు 9

ఇవాళ మూడు వాక్యాలకు మించి మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకుని వెళ్ళాను. మొదటి రెండు వాక్యాలూ బుద్ధిగానే ఉన్నాయి. మూడో వాక్యం గంట కొట్టేదాకా సాగింది.

నేనేం చేయను? ప్రశ్న అడిగితే ఎవరూ పలకరు. ఆ నిశ్శబ్దం నాకు పడదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ కూర్చున్నట్టు ఉంటుంది. పరుగెత్తుకెళ్ళి జవాబు నేనే చెప్పేస్తాను.

ఇంకో వింత. నేనెక్కడ నిలబడితే అదే ముందు వైపైపోతోంది. పిల్లలు కుర్చీలు నాకేసి తిప్పుకుని, కాళ్ళు ఆనించి, చక్కగా వరసలు కడుతున్నారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఎటు కావాలంటే అటు తిరిగే గది ఇప్పుడు పాత హాలు వైపే తిరిగింది.

క్లాసు అయ్యాక మంచినీళ్ళు కూడా మింగుడు పడలేదు.

ఆగస్టు 14

అత్తగారు మా ఆయన్ని వెంటబెట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. నాకు చెప్పలేదు. వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా చెవులు ఎలా ఉండేవో అలాగే ఉన్నాయట. ఇసుమంత కూడా తగ్గలేదట. అంటే తగ్గింది నీ దగ్గర. ఏదీ, నోరు తెరువు."

తెరిచాను. లోపల ఆవిడకేం కనిపిస్తుంది? అయినా కళ్ళజోడు సర్దుకుని మరీ చూసింది. ఇక దాచి లాభం లేదనిపించి అంతా చెప్పాను, చెవిలో నోరు పెట్టి. బుడిపె గురించి, పరీక్షల విభాగం గురించి, జవాబుపత్రాల దారాల గురించి.

"ఎంత మొండిదానివే" అంది. "ఈ ఇంట్లో నాకు వినబడే మనిషివి నువ్వొక్కదానివే. అది కూడా పోగొట్టుకుంటావా ఆ క్లాసు కోసం?"

ఆవిడ చెవులు పోయాయని ఆవిడ కుమిలిపోతుంటే ఇన్నాళ్ళూ చూస్తూ ఊరుకున్నాను. సిగ్గేసింది. ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాను. ఏడవడానికీ గొంతు కావాలని అప్పుడే తెలిసింది.

మా ఆయన గుమ్మంలో నిలబడి, "అయితే కోపం కాదన్నమాట" అన్నాడు. ఇక గిన్నెలు మళ్ళీ నావే.

ఆగస్టు 20

నెలాఖరుకి కమిటీ వస్తోంది. గది పనికొస్తే ఉంచుతారు, లేకపోతే పాత బల్లలు మళ్ళీ బిగిస్తారు. హెడ్డు గారు నా గొంతు సంగతి కూడా కనిపెట్టినట్టున్నారు. "మీకు కొన్నాళ్ళు విశ్రాంతి కావాలేమో" అన్నారు. ఎంతో దయగా అన్నారు. జవాబుపత్రాల దారాలు గుర్తొచ్చాయి.

ఆగస్టు 22

పొద్దున లేచేసరికి గొంతు లేదు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు.

సెలవు పెట్టమంది అత్తగారు, చేతులూపుతూ. పెట్టలేదు. వెళ్ళి ఒక బోర్డు మీద ఇంతే రాశాను: "ఈ గదిలో బిందెడు నీళ్ళు పోస్తే ఎటు పోతాయి? ఏ దారిన పోతాయి? నేల మీద గీయండి." లెవెల్ యంత్రం, కొలత కర్ర, సుద్దముక్కలు మధ్యలో పెట్టి, వాళ్ళ కుర్చీల్లోనే ఒకటి తీసుకుని కూర్చున్నాను. పళ్ళు బిగబట్టి.

ఎవరూ కదల్లేదు. నాకేసి చూశారు. నేను వాళ్ళకేసి చూశాను. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం ఒక సెమిస్టరు గడిచినట్టుంది. నోరుంటే ఆ పాటికి జవాబు చెప్పేసి, పటం గీసేసి, గంట కొట్టించేసి ఉండేదాన్ని.

చివరికి గొడుగమ్మాయి లేచింది. "నాకు తెలిసి ఆ మూలకే పోతాయి. మనందరం పోయాం కదా." నవ్వారు. ఒకడు లేచి కర్ర పట్టుకున్నాడు. ఇంకొకరు యంత్రం బిగించారు. ఇక చూడాలి. ఒకరు అంకెలు అరుస్తున్నారు, ఒకరు రాస్తున్నారు, ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ సుద్దతో గీతలు లాగుతున్నారు. పుస్తకంలో బొమ్మ చూపించి నేను ఎన్నేళ్ళు మొత్తుకున్నా తలకెక్కని గీతలు, వాటి మీదే మోకాళ్ళేసుకుని గీస్తున్నారు.

ఒక గుంపు లెక్క తప్పింది. కూడాల్సిన చోట తీసేశారు. నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టైంది. పలక మీద టపటపా కొట్టాను.

గొడుగమ్మాయి వెనక్కి కూడా తిరగలేదు. "ఆగండి మేడమ్, చూస్తున్నాం" అంది.

ఆగండి మేడమ్! నన్ను!

మొదలుపెట్టిన గుమ్మం దగ్గరికే కొలుచుకుంటూ తిరిగొస్తే తేడా సున్నా రావాలి. వాళ్ళకు రాలేదు. తిట్టుకున్నారు, వెనక్కి వెళ్ళారు, తప్పు దొరికింది, పెద్దగా కేక పెట్టారు. కెమిస్ట్రీ వాళ్ళు కిటికీలు మూశారు. నేను నోరు తెరవకుండానే.

సంతోషించాలి. సంతోషించాను. కాస్త కడుపులో మంటగా కూడా ఉంది. మందుల వల్ల అనుకుంటా.

ఆగస్టు 24

పీకిన వేదిక చెక్కలు వరండాలో పడున్నాయి. వాటిని సన్నగా కోయించి, తాము గీసిన గీతల వెంట నేలకు బిగించారు పిల్లలు, పొలానికి గట్లు వేసినట్టు. కుర్చీ చక్రం గట్టుకు తగిలి ఆగుతుంది. కావాలంటే ఎత్తి అవతల పెట్టుకోవచ్చు. గట్లు ఎక్కడ వేయాలో నన్నొక్క మాట అడగలేదు. అడిగినా చెప్పలేను కదా.

ఆగస్టు 30

కమిటీ వచ్చింది. గది కందిరీగల తుట్టెలా ఉంది. పెద్దాయన ఒకాయన చుట్టూ చూసి, "ఈ క్లాసు టీచరు ఇంకా రాలేదా?" అన్నారు. ఒక గుంపులో కూర్చునున్న నేను పిల్లల్లాగా చెయ్యెత్తాను.

మెచ్చుకున్నారు. ఫొటో తీసుకున్నారు. "టీచరు ఒక్క మాట మాట్లాడకుండా ఇంత క్లాసు!" అని ఆశ్చర్యపోయారు.

వాళ్ళను సాగనంపి వచ్చి హెడ్డు గారన్నారు: "అద్భుతం మేడమ్. మీరు నిరూపించారు. ఈ గదికి సీనియర్లు అక్కర్లేదు. స్లైడ్ల మాస్టారు చూసుకుంటాడు, ఊరికే కూర్చోవడమే కదా. మీరు పరీక్షల విభాగంలో హాయిగా..."

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. అదీ లెవెల్ పెట్టి మరీ.

చెప్పడానికి బోలెడు ఉంది. గొంతు లేదు. అరవబోయాను, గాలి వచ్చింది. అరిస్తే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశాను. "పంపండి. నోరు మూసుకుని ఊరికే కూర్చోగలడేమో చూడండి. అది నేర్చుకోవడానికి నాకు ఉద్యోగమంతా పట్టింది. చేతకాకపోతే గది నాదే."

హెడ్డు గారు చదివి, "సరే, ఒక్క క్లాసు" అన్నారు.

సెప్టెంబరు 4

స్లైడ్ల మాస్టారు ప్రొజెక్టరు తనే మోసుకొచ్చాడు. పాపం, మంచివాడే. పిల్లలు ఆలోచిస్తున్న ఆ నిశ్శబ్దం వచ్చేసరికి చెమటలు పట్టాయట. అరవై స్లైడ్లు చూపించాడట. కుర్చీలు వరసలు కట్టాయి. తలుపు దగ్గర నిలబడి చూసిన హెడ్డు గారు తన గదికి వెళ్ళిపోయారు.

సెప్టెంబరు 5

గది నాదే.

అక్టోబరు 17

బుడిపె దాదాపు కరిగిపోయిందట. ఆపరేషన్ అక్కర్లేదట. "కానీ పాత గొంతు రాదు. ఇదే మీ గొంతు. జాగ్రత్తగా వాడుకోండి" అంది డాక్టరమ్మ. ఏదైనా మాట్లాడమంటే, "సరే" అన్నాను. ఆ "సరే" ఎవరిదో అనిపించింది. సన్నగా, అరిగిపోయిన గొంతు.

ఇంటికొచ్చి అత్తగారి చెవి దగ్గర మాట్లాడాను. "కాస్త వినబడుతోందిలే" అంది. అబద్ధం. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

అక్టోబరు 18

నాకు మాట వచ్చిందని క్లాసులో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఈ గది మాట్లాడని మేడమ్‌కి అలవాటు పడింది, చెడగొట్టడమెందుకు? పెద్దమనసు అనుకున్నాను. నిజానికి భయం. ఆ గొంతు వాళ్ళకు వినిపించాలంటే భయం వేసింది.

వాళ్ళకు ముందే తెలుసు. ఇవాళ పొద్దున వరండాలో ఫోనులో మా ఆయనతో మాట్లాడటం విన్నారట.

గొడుగమ్మాయి వచ్చింది. "మేడమ్, కొలతల్లో తప్పులు ఎలా వస్తాయో మీరొక లెక్చరు చెప్తారట కదా. సీనియర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మాకు చెప్పలేదు."

"ఈ గదిలో లెక్చర్లుండవు" అన్నాను.

"ఇవాళ మాకు కావాలి" అంది.

నేను ఇంకేదో అనేలోపే లేచారు. బల్లలు పక్కకు జరిపారు. కుర్చీలు గట్ల మీంచి ఎత్తి ఎత్తి పెట్టుకున్నారు. వరసలు, అచ్చం పాత హాలు లాగే. నాకోసం ఒక ముందు వైపు చేసిపెట్టారు.

వెళ్ళి నిలబడ్డాను. మొదలుపెట్టాను. ఆ సన్నటి గొంతే వచ్చింది. మూడో వరసలోనే ముఖాలు ముందుకు వంగాయి.

వెనక వరస నుంచి ఒకడన్నాడు, ఎంతో మొహమాటంగా: "మేడమ్, వినిపించట్లేదు."

నా జన్మలో ఆ మాట ఎవరూ నాతో అనలేదు. ఆపేద్దామనుకున్నాను. క్షమించమని చెప్పి ప్రశ్నొకటి రాసేద్దామని సుద్దముక్క కోసం వెతుక్కున్నాను.

ఈలోగా వెనక వరస వాళ్ళు కుర్చీలు చేత్తో పట్టుకుని ముందుకొచ్చేశారు. వాళ్ళకు చోటివ్వడానికి ముందు వాళ్ళు ఇంకా ముందుకు జరిగారు. వరసలు చెదిరిపోయాయి. ఒకరి మోకాళ్ళకు ఒకరి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా, నా చుట్టూ అందరూ. నేను చెప్పుకుంటూ పోయాను, ఇంట్లో మాట్లాడుకున్నట్టు, మెల్లగా. ఎప్పుడూ చెప్పే లెక్చరే. కానీ ఇన్నేళ్ళూ నేను పాఠం చెప్పింది హాలుకి. ఇవాళే ముఖాలకు చెప్పాను. ఒకడి గడ్డం మీద పుట్టుమచ్చ ఉందని కూడా ఇవాళే చూశాను.

మధ్యలో కన్నీళ్ళొచ్చాయి. "డాక్టరు గొంతుకు విశ్రాంతివ్వమంది, ఒక్క నిమిషం" అని చెప్పి కిటికీ వైపు తిరిగాను. ఎవరూ తొందరపెట్టలేదు. కుర్చీలు కదపకుండా కూర్చున్నారు.